దానం – చందా: నూజివీడు సీమ నుంచి కొన్ని ఆలోచనలు

తెలుగు పద్యచరిత్ర చదివే విద్యార్థికి మొట్టమొదట ఎదురయ్యేవి శాసనాలు. వాటిలో అధికభాగం దానశాసనాలే. మా నూజివీడు సీమకు పొరుగునే వున్న బెజవాడలో 10వ శతాబ్దం నాటి యుద్ధమల్లుడి శాసనం మధ్యాక్కరల్లో వుంది. కుమారస్వామి గుడినీ మఠాన్నీ గురించి చెప్పే ఆ శాసనం, మఠంలో గొరగలు తప్ప ఇతరులు వుండరాదనీ, వున్నా వుండనిచ్చినా మహాపాపం తగులుతుందనీ హెచ్చరిస్తుంది. మనం దాన్ని ఛందస్సు కోసం చదువుతాం, పరీక్షలో మధ్యాక్కర లక్షణం రాస్తాం. ఇచ్చినవాడి పేరు ఆ రాతి మీద వుంది, పుచ్చుకోదగినవాళ్ళెవరో వుంది, షరతూ, శాపమూ వున్నాయి. ఇచ్చిన సొమ్ము ఎవరి కష్టం నుంచి వచ్చిందో మాత్రం లేదు. ఆ ప్రశ్న ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు.

దానధర్మాల చరిత్ర ఇంతవరకూ దాతలు రాయించిన చరిత్రే. దాన్ని పుచ్చుకున్నవాళ్ళ వైపు నుంచి చదవడం సాధ్యమా అన్నదే ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న.

నూజివీడు చుట్టుపక్కల ఎవరినడిగినా జమీందార్ల ధర్మాలు ఏకరువు పెడతారు. ద్వారకా తిరుమల గుడికి విమానం, మంటపం, గోపురం, ప్రాకారం మైలవరం జమీందారు ధర్మా అప్పారావు (1762–1827) కట్టించాడనీ, బంగారు నగలూ వెండి వాహనాలూ నూజివీడు జమీందారిణి రాణీ చిన్నమ్మారావు (1877–1902) సమర్పించిందనీ ఆలయ చరిత్ర చెబుతుంది. వాళ్ళ భక్తిని శంకించడం నా పని కాదు. భక్తి నిజమైనదే కావచ్చు. కాని 1802లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన శాశ్వత శిస్తు పద్ధతిలో జమీందారు కంపెనీకి కట్టవలసిన పేష్కషు శాశ్వతంగా నిర్ణయమైంది. రైతు జమీందారుకు కట్టవలసిన దానికి అలాంటి హద్దు ఏర్పడలేదు. జమీ రైతుకు తాను దున్నే భూమి మీద సాగుహక్కు చట్టం ద్వారా గట్టిపడింది 1908 ఎస్టేట్ల భూమి చట్టంతోనే. మధ్యనున్న నూరేళ్ళ కాలానికి చెందినవే ఆ వెండి వాహనాలు. వాహనం తూకం ఎంతో ఆలయం చెప్పగలదు. అందులో శిస్తు పాలెంతో చెప్పే శాసనం లేదు.

ఇచ్చిన సొమ్ముకు లెక్క లేకపోవడం కేవలం మన అనుమానం కాదు. మద్రాసు ప్రభుత్వం 1817లో చేసిన 7వ రెగ్యులేషన్ గుళ్ళ, సత్రాల, వంతెనల మాన్యాల గురించినది. ఆ మాన్యాల ఆదాయం దాతల ఉద్దేశానికి విరుద్ధంగా కొందరి స్వంతానికి పోతున్నదన్నదే దానికి చెప్పిన కారణం. అంటే లెక్క అడగాలన్న అవసరం రెండువందల ఏళ్ళ క్రితమే పుట్టింది. అయితే అడిగే అధికారం రెవెన్యూ బోర్డుకు దక్కింది గాని, సత్రంలో అన్నం తినవలసిన బాటసారికి దక్కలేదు.

పేర్లు పెట్టడంలో కూడా అధికారం వుంటుందని రచయితలకు వేరే చెప్పనక్కరలేదు. 1832–33 నందన కరువులో గుంటూరు సీమ శవాల దిబ్బ అయింది. ఆ కాలంలో అక్కడ ఉద్యోగంలో వున్న సి.పి. బ్రౌను తన రాతల్లో ‘కరువు’ అన్న మాట వాడినందుకు పైవాళ్ళ మందలింపు తిన్నాడు. సర్కారు వారి మాట ‘కొరత’. కొరత అంటే దయతో గంజి పోయవచ్చు, ఆ గంజి దానమవుతుంది. కరువు అంటే ప్రభుత్వం జవాబు చెప్పాలి. తెలుగు నిఘంటుకారుడు ఆ రెండు మాటల మధ్య దూరం ఎరిగినవాడు గనకనే సర్కారుకు కంటయ్యాడు.

ఇక మామిడితోటల దగ్గరకు వస్తాను. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. మా చిన్నతనంలో వేసవి గాలిదుమారం వచ్చిన మర్నాడు మాలపల్లె, మాదిగపల్లె ఆడవాళ్ళూ పిల్లలూ బుట్టలు పట్టుకుని తోటల్లోకి వెళ్ళేవాళ్ళు. చెట్టుమీది కాయ ఆసామీది, రాలిన కాయ ఏరుకున్నవాళ్ళది అన్నది మా వూళ్ళో వాడుక. కోత అయిన చేలో పరిగె ఏరుకోవడం వంటిదే అదీను. ఎవరూ దాన్ని దానం అనలేదు, ఎవరూ చేతులు జోడించలేదు. తర్వాత తర్వాత తోటను పూతమీదే వ్యాపారికి అమ్మడం బలపడింది. పచ్చడికీ ఒరుగులకీ రాలిన కాయ కూడా ధర పలికింది. కంచె వచ్చింది, కావలివాడు వచ్చాడు. అంతకుముందు ఏరుకున్నవాళ్ళు ఒక్క ఏడాదిలో దొంగలైపోయారు. అదే తోట ఆసామి వేసవిలో రోడ్డుపక్క చలివేంద్రం పెట్టి, ఏకాదశినాడు గుడిమెట్ల మీద రసాలు పంచితే, పంచిన వాటిలో మెత్తబడ్డవే ఎక్కువైనా, ధర్మాత్ముడనిపించుకున్నాడు.

ఇది మా వూరి ఒక్కదాని కథ కాదు. 1842లో యువకుడైన మార్క్సు రైన్ రాష్ట్రంలో కట్టెల దొంగతనం మీద చట్టసభ జరిపిన చర్చను విమర్శిస్తూ రాశాడు. అడవిలో రాలిన ఎండుపుల్లలు ఏరుకోవడం పేదల వాడుక హక్కు. దాన్ని దొంగతనంగా మార్చడం ద్వారా చట్టం అడవి యజమాని కొమ్ము కాసిందన్నది ఆయన వాదన. రైన్ అడవిలో పుల్ల, నూజివీడు తోటలో కాయ. ముందు హక్కు పోతుంది. ఆ ఖాళీ అయిన జాగాలోకి దానం వచ్చి కూచుంటుంది. పుచ్చుకునేవాడు మునుపు తల ఎత్తుకుని తీసుకున్నదాన్నే ఇప్పుడు తల వంచుకుని అందుకుంటాడు. వస్తువు మారలేదు, సంబంధం మారింది.

అయితే ఇవ్వడమంతా ఇటువంటిదేనా? కాదు. మా అమ్మ పొయ్యిమీద ఎసరు పెట్టాక, కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో పోసేది. ఆ కుండ నిండితే ప్రసవమైన ఇంటికో, మనిషి మంచానపడ్డ ఇంటికో చేరేది. చాలా ఇళ్ళలో ఈ అలవాటు వుండేది. దానికి శాసనం లేదు, శిలాఫలకం లేదు. ఇచ్చిన ఇల్లు రేపు పుచ్చుకునే ఇల్లు కావచ్చుననే ఎరుక అందులో వుంది. మన సామాజిక చరిత్రకారులు సత్రాలను లెక్కపెట్టారు గాని ఈ కుండలను లెక్కపెట్టలేదు. ఆడవాళ్ళ చేతుల మీదుగా జరిగిన ఈ మార్పిడికి మన భాషలో ‘సాయం’ అన్న చిన్నమాట తప్ప మరో గౌరవం దక్కలేదు.

ఈ పిడికెడు బియ్యం బజారుకు వచ్చిన రూపమే చందా. 1910లో బందరు జాతీయ కళాశాల పుట్టింది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది. 1921లో అదే బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమై తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది. జమీందారు సంతకం కోసం ఎదురుచూడకుండా అణా, బేడా కలిపి ఒక పని చేయవచ్చునని కృష్ణాజిల్లా ఆ పదేళ్ళలో నేర్చుకుంది. 1943లో బెంగాలు కరువు వచ్చినప్పుడు ప్రజా నాట్యమండలి కళాకారులు బుర్రకథలు చెప్పి ఊరూరా చందాలు పోగుచేశారు. ఆ సంవత్సరమే తెనాలిలో మన అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. మన సంఘం కూడా చందా బిడ్డే.

దానానికీ చందాకూ తేడా మొత్తంలో లేదు. దానానికి లెక్క అడగడం మర్యాద కాదు. చందాకు లెక్క చెప్పకపోవడం నేరం. రసీదు పుస్తకంలో అర్ధరూపాయి రాయించినవాడు సభలో లేచి ‘ఏంచేశారు’ అని అడగగలడు. అడిగే ఆ గొంతే చందా సాధించిన విజయం. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చిందంటే, దాని వెనుక అడగడం నేర్చిన రైతుల గొంతులెన్నో వున్నాయి.

హక్కు అడిగే గొంతు లేచినప్పుడల్లా దానం కూడా కొత్తవేషం కట్టిందని మరవరాదు. తెలంగాణా రైతాంగం సాయుధంగా భూమి అడుగుతున్న కాలంలోనే, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు 80 ఎకరాలు కోరితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. వినోబా నిజాయితీ ప్రశ్నించదగినది కాదు. ఇచ్చినాయన మనసు మంచిదే కావచ్చు. కాని పాఠ్యపుస్తకాల్లో ఇచ్చినాయన పేరు మిగిలింది. అడిగిన కుటుంబాల పేర్లు ఎందరికి తెలుసు?

మన సాహిత్యం ఈ విషయంలో ఎక్కడ నిలబడింది? శ్రీశ్రీ ‘భిక్షువర్షీయసి’ ముష్టి ముసలమ్మను కవితావస్తువును చేసింది. చాసో ‘ఎంపు’ బిచ్చగాళ్ళకూ తమవైన లెక్కలూ, ఎంపికలూ వుంటాయని చూపింది. నా దృష్టిలో రెండోది మరింత కష్టమైన పని. ఎందుకంటే జాలి పడటం సులువు. జాలి కూడా ఒక దానమే. పుచ్చుకునేవాడు ఇచ్చేవాణ్ణి తూకం వేస్తూ చూసే చూపును కథలోకి తేవడం సులువు కాదు. తర్వాత వచ్చిన కథల్లో దాత కపటం బయటపెట్టినవి బోలెడున్నాయి. వాటిలోనూ కథానాయకుడు దాతే, పుచ్చుకునేవాడు నోరులేని సాక్షి.

ఇదంతా పాతకథగా రాయడం లేదు. 2022లో నూజివీడు ఏలూరు జిల్లాలో కలిసింది. జిల్లా మారినా నల్లరాతి ఫలకాల వాడుక మారలేదు. బడిగోడ మీద, శ్మశానం గేటు మీద, చివరికి బస్టాండు బల్ల మీద కూడా దాత పేరే. బియ్యం మూట అందుకుంటున్న వితంతువు ఫోటో తీయించుకోనిదే మూట చేతికి రాదు. సాహిత్య సభలూ దీనికి అతీతం కాదు. ఒక్క పెద్ద దాత దొరికితే వంద చిన్న రసీదులు రాసే శ్రమ తప్పుతుందని మనవాళ్ళే అనడం విన్నాను. శ్రమ తప్పే మాట నిజమే. దాంతోపాటు వందమంది ప్రశ్నించే హక్కూ తప్పిపోతుంది. వేదిక మీద కూచున్న దాత ముందు అతని తోట కూలిరేట్ల గురించి కథ చదవడం ఎంతమందికి సాధ్యం?

ఇవ్వడం మానమని నేననడం లేదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత అన్నం పొట్లం ఎవరు పంపారని అడిగే తీరిక ఎవరికీ లేదు, వుండనక్కరలేదు కూడా. ఆపదలో చేయి చాచడం మనిషితనం. కాని ఆపద లేని రోజుల్లో, ఇచ్చే ప్రతిచోటా రెండు ప్రశ్నలు వేయాలి. ఇది మునుపు ఎవరి హక్కు? దీనికి లెక్క ఎవరు ఎవరికి చెబుతారు? చరిత్ర రాసేవాళ్ళు శాసనాలతోపాటు రసీదు పుస్తకాలనూ, పిడికెడు బియ్యం కుండలనూ, రాలిన కాయల వాడుకలనూ ఆధారాలుగా స్వీకరించాలి. కథ రాసేవాళ్ళు బుట్ట పట్టుకుని కంచె బయట నిలబడ్డ ఆ మనిషి నోట మాట పలికించాలి. మా సీమలో ఆ మాట తెలిసినవాళ్ళు ఇంకా వున్నారు. వాళ్ళు వుండగానే ఆ పని జరగాలి.