చాటింపు నుంచి లైవ్ దాకా: పాటకు జనాన్ని పిలిచిన చరిత్ర

పాకాల దగ్గరి కొండల్లో పుట్టిన స్వర్ణముఖి తిరుపతి పక్కగా పోయి శ్రీకాళహస్తిని తాకి సముద్రంలో కలుస్తుంది. పాకాల జంక్షన్ నుంచి రైలు దారులు కాట్పాడికి, తిరుపతికి, ధర్మవరానికి చీలిపోతాయి. ఈ నీటి దారి వెంట, ఈ రైలు దారుల వెంట మనవాళ్లు బతికారు. యానాదులు, ఎరుకలవాళ్లు, సుగాలీలు, నక్కలవాళ్లు బుట్టలు, తేనె, పూసలు, మందు వేర్లు మోసుకుని ఊళ్లు తిరిగారు. పాటను కూడా మోసుకుని తిరిగారు. అప్పుడు పాట జనం దగ్గరికి నడిచి వెళ్లేది. ఇప్పుడు మన పిల్లలు ఫోను నిలబెట్టి "లైవ్" అని ఒక్క మీట నొక్కితే పాట బెంగుళూరులో కూలికి పోయిన అన్నకూ వినబడుతోంది.

ఇది కొత్త వింతలా కనిపిస్తుంది గానీ దీని వెనక పాత చరిత్ర ఉంది. పాట పాడడం ఒక పని. పాట ఉందని జనానికి తెలియజేసి, వాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం ఇంకో పని. ఈ రెండో పనిని ఎవరు చేశారు, అందులో పాడినవాళ్లకు ఏం మిగిలింది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

చాటింపు కాలం

మన ప్రాంతంలో ఏ జాతరైనా చాటింపుతోనే మొదలవుతుంది. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరే అందుకు పెద్ద ఉదాహరణ. జాతరకు ముందు డప్పు కొట్టి చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి పోకూడదని కట్టుబాటు. అంటే చాటింపు ఒట్టి సమాచారం కాదు. ఇన్ని రోజులు మనమంతా ఇక్కడే ఉంటున్నామని ఊరంతా చేసుకునే ఒప్పందం. ఆ ఒప్పందం తర్వాతే బైరాగి వేషం, మాతంగి వేషం వంటివి వీధుల్లోకి వస్తాయి.

చిత్తూరు సీమలో ఇంకో గొప్ప ఏర్పాటు భారతం తిరునాళ్లు. ద్రౌపదమ్మ గుడి ముందు 18 రోజులు భారతం సాగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఏ రోజు ఏ ఘట్టమో కరపత్రంలో అచ్చు వేస్తారు. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, దుర్యోధన వధ రోజు చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. కథ అందరికీ తెలిసిందే. అయినా రోజుకో ఘట్టం చొప్పున రేపటికోసం ఎదురుచూసేలా చేయడంలోనే ఆ కరపత్రం బలం ఉంది. ఈనాడు లైవ్‌కు ముందు తేదీ, సమయం, పాటల వరుస ప్రకటించేవాళ్లు చేసేదీ ఇదే.

మనవాళ్లకు కరపత్రం లేదు, మైకు లేదు. గొంతే ప్రకటన. సోదె చెప్పే ఎరుకలమ్మ చేతిలో కర్ర, చంకలో బుట్టతో వీధి మొదట్లోనే రాగం తీసి పిలుస్తుంది. ఆ పిలుపు విని గడపలోకి వచ్చిన ఆడవాళ్ల ముందు కూర్చుని దేవతలను తలుచుకుంటూ పాటగా సోదె చెబుతుంది. పిలుపూ ఆమెదే, పాటా ఆమెదే, చేటలో పోసిన గింజలూ ఆమెవే. మధ్యలో ఎవరూ లేరు. ఈ సంగతి గుర్తుపెట్టుకుందాం. తర్వాత వచ్చిన ప్రతి యంత్రమూ పాడేవాళ్లకూ వినేవాళ్లకూ మధ్య ఇంకొకరిని తెచ్చి పెట్టింది.

యంత్రం వచ్చిన కాలం

1902లో గ్రామఫోన్ కంపెనీవాళ్లు కలకత్తాలో గౌహర్ జాన్ పాటను రికార్డు చేశారు. మన దేశంలో పాట అంగడి సరుకైన తొలి రోజులవి. తర్వాత గ్రియర్సన్ భాషా సర్వే కోసం 1913 నుంచి 1929 దాకా దేశంలోని అనేక భాషల గొంతులను ప్లేట్ల మీదికి ఎక్కించారు. ఆ గొంతులను ఇప్పుడు ఇంటర్నెట్‌లో వినవచ్చు.

అదే కాలంలో మనవాళ్ల మీద ఇంకో రకం రికార్డు నడిచింది. నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకలవాళ్లను ఆ చట్టం కింద నమోదు చేశారు. స్టువార్టుపురం వంటి సెటిల్మెంట్లలో ఉంచారు. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు. ఊరూరా తిరిగి పాడి సోదె చెప్పేవాళ్లకు ఊరు దాటడమే నేరమైంది. ఆ చట్టం 1952లో రద్దయింది. ఒక తరం పాట నడవడం మానేస్తే ఎన్ని పాటలు పోతాయో లెక్క కట్టలేం. మన పాత పాటలు ఎందుకు తక్కువ మిగిలాయని విద్యార్థులు అడిగినప్పుడు ఉపాధ్యాయులు ఈ కారణం కూడా చెప్పాలి.

రేడియో వచ్చింది. మద్రాసు ఆకాశవాణి 1938లో, విజయవాడ కేంద్రం 1948లో, కడప కేంద్రం 1963లో మొదలయ్యాయి. రాబోయే కార్యక్రమాల పట్టికను "వాణి" అనే పత్రికలో ముందే అచ్చువేసేవాళ్లు. రేడియో ఉన్న ఇంటి అరుగు మీద ఆ వేళకు పదిమంది చేరేవాళ్లు. పాడేది ఎక్కడో, వినేది ఎక్కడో, అయినా అందరూ ఒకే గడియలో వినడం రేడియోతోనే అలవాటైంది. ఆదిలాబాద్ కేంద్రం గోండి, కొలామి భాషల్లో కార్యక్రమాలు ఇచ్చింది. తమ మాట డబ్బాలో నుంచి రావడం ఆ తెగలకు ఎంత గౌరవమో ఊహించవచ్చు. మన ఎరుకల మాటకు, సుగాలీల గోర్ బోలికి, నక్కలవాళ్ల వాగ్రి బోలికి ఈ సీమలో అంత చోటు దొరకలేదు.

2008లో తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీవేంకటేశ్వర భక్తి ఛానల్ ప్రారంభించింది. తిరుమలలో గుడి ఎదుటి నాదనీరాజనం వేదిక మీది సంగీతం ప్రత్యక్షంగా ఇళ్లకు చేరింది. కొండ కింద ఉన్న మనకే కాదు, సముద్రాలు దాటిన తెలుగువాళ్లకు కూడా సాయంత్రం పూట అది అలవాటైంది.

లైవ్ పుట్టిన తీరు

1993 జూన్ 24న అమెరికాలో కంప్యూటర్ ఇంజనీర్లు కొందరు తమ సరదా బృందం "సివియర్ టైర్ డ్యామేజ్" పాటను ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా పంపారు. ఇంటర్నెట్‌లో లైవ్ ఇచ్చిన తొలి బృందంగా వాళ్ల పేరు నిలిచింది. మరుసటి ఏడు ప్రసిద్ధ రోలింగ్ స్టోన్స్ బృందం అదే పద్ధతిలో లైవ్ ఇస్తున్నట్టు ప్రకటించింది. అది మొదలయ్యే ముందు ఈ చిన్న బృందం అదే దారిలో దూరి తమ పాట వినిపించింది. పెద్దవాళ్ల కోసం వచ్చి కూర్చున్న జనం వీళ్లను కూడా విన్నారు. పత్రికలు రాశాయి. పెద్ద జాతర పక్కన చిన్న అంగడి పెట్టుకోవడం మనకు తెలిసిన విద్యే.

2016లో ఫేస్‌బుక్ లైవ్ అందరికీ తెరిచారు. అదే ఏడు సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవకైంది. అప్పటిదాకా పట్నం సొత్తైన లైవ్ తండాకు, కాలనీకి వచ్చింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. జాతరలు ఆగాయి, తిరునాళ్లు ఆగాయి, పెళ్లి మేళాలు ఆగాయి. తిరుమలలో దర్శనాలు ఆపినా నాదనీరాజనం వేదిక నుంచి పారాయణం ప్రత్యక్షంగా సాగింది. శ్రీకాళహస్తిలో, తిరుపతిలో చదువుకున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ఫేస్‌బుక్‌లో అభిమానులు కోరిన పాటలు పాడుతూ సాయానికి విరాళాలు సేకరించారు. ఆయన ముందుగా సమయం చెప్పారు, పాట కోరమని అడిగారు, డబ్బు ఎందుకో చెప్పారు. వింటున్నవాళ్లకు అందులో ఒక పని ఇచ్చారు.

అదే ఏడు జూన్ 14న కొరియా బృందం బీటీఎస్ టిక్కెట్టు పెట్టి లైవ్ కచేరీ చేసింది. ఒకే సమయంలో 7 లక్షల 56 వేల మంది చూశారు. దీని వెనక వాళ్లు చేసిన తయారీ చూడాలి. ఏప్రిల్‌లోనే పాత కచేరీలను రెండు రోజుల పాటు ఉచితంగా చూపించి, ఇంట్లో కూర్చుని కలిసి చూసే అలవాటు నేర్పారు. ఆ తర్వాతే టిక్కెట్టు పెట్టారు. ఊరూరా చాటే పనిని అభిమానులే తమ భుజాన వేసుకున్నారు. మన భారతం కరపత్రం లాగే ఇక్కడా గెలిచింది ముందు నుంచీ పెంచిన ఎదురుచూపే.

మనవాళ్ల పాట, మనవాళ్ల లెక్క

ఇక మనవైపు చూద్దాం. మణుగూరు ప్రాంతపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను పాడేవారు. రాత లేకుండా జ్ఞాపకంలో మోసిన చరిత్ర అది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. మార్లవాయికి చెందిన గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. రామచంద్రయ్య గారు పోయిన నాలుగు నెలలకే, అదే ఏడు అక్టోబరులో, ఆయనా పోయారు. 1940లలో హైమన్‌డార్ఫ్ దంపతులు ఉండి గోండి బడి నడిపించిన ఊరే మార్లవాయి. ఈ ఇద్దరి వీడియోలు ఇప్పుడు ఎందరి ఛానళ్లలోనో ఉన్నాయి. కానీ వాళ్ల తలల్లో ఉన్న పాట మొత్తం ఏ వీడియోలోనూ దొరకదు.

కిన్నెర మొగులయ్య గారు మన తెగల జాబితాలోని మనిషి కాకపోయినా ఆయన కథ మనకూ పాఠమే. 2021లో ఒక సినిమా పాటతో ఆయన గొంతు ఫోను ఫోనుకూ చేరింది. మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన దినకూలీ పనికి పోతున్నట్టు పత్రికల్లో చదివాం. పాట ఎంత దూరం పోయినా పాడినవాళ్ల ఇంటికి అన్నం తిరిగి రాకపోవచ్చని దీంతో తెలుస్తుంది.

మంచి దారి కూడా ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర అనే ఏర్పాటులో మామూలు ఫోను నుంచి మిస్డ్ కాల్ ఇస్తే చాలు. తిరిగి కాల్ వస్తుంది. గోండిలో వార్త చెప్పవచ్చు, పాట పాడవచ్చు, ఇతరులు చెప్పింది వినవచ్చు. చదువు రాకపోయినా, పెద్ద ఫోను లేకపోయినా పని జరిగింది. సాధనం మన స్థితికి దిగి వస్తే మన గొంతు దానంతట అదే లేస్తుంది.

మా అనుభవం కూడా చెప్పుకోవాలి. ఒక జాతరలో మా పలకల బృందం రాత్రంతా కొట్టింది. ఎవరో లైవ్ ఇచ్చారు. తెల్లారి చూస్తే గుడి పేరు ఉంది, ఛానల్ పేరు ఉంది, దాతల పేర్లు ఉన్నాయి. మా వాళ్ల పేరు ఒక్కటీ లేదు. కోపం వచ్చి మేమే ఒక అవ్వ పాటను లైవ్ పెట్టాం. ముందు ఎవరికీ చెప్పలేదు. చూసింది మేమే. రెండోసారి రెండు రోజుల ముందే బంధువులకు వాట్సాప్‌లో తేదీ, సమయం పంపాం, స్టేటస్ పెట్టాం. చెన్నైలో, బెంగుళూరులో ఉన్నవాళ్లు పని దిగి వచ్చి చూశారు. వాళ్లలో ఒకరు "అవ్వ పేరేంది?" అని రాశారు. మేం కూడా అవ్వ పేరు రాయలేదు! ఎవరిని తిట్టామో వాళ్ల తప్పే మేమూ చేశాం.

యువతకు, ఉపాధ్యాయులకు

ఈ చరిత్ర నుంచి మనం తీసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది పేరు. పాడినవాళ్ల పేరు, తెగ, ఊరు, భాష, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో లైవ్ కింద రాయాలి. అదే రేపటి చరిత్రకు ఆధారం.

రెండోది అనుమతి. కాపీరైట్ చట్టానికి 1994లో వచ్చిన సవరణ ప్రదర్శకులకు హక్కు ఇచ్చింది. ఆ చట్టం ప్రదర్శకులని చెప్పిన వరుసలో గాయకులు, నాట్యం చేసేవాళ్లతో పాటు గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా ఉన్నారు. అంటే వీధిలో ఆడిపాడే మనిషికి కూడా హక్కుంది. ఒప్పుకోలు లేకుండా ఆ ప్రదర్శనను రికార్డు చేయడం, ప్రసారం చేయడం తప్పు. ఈ సంగతి మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? బడిలో ఒక పిరియడ్ దీనికి ఇస్తే మంచిది.

మూడోది హద్దు. అన్ని పాటలూ లైవ్‌కు కావు. కొలుపులో, చావులో, దేవత పూనినప్పుడు పాడేవి అందరి ముందుకూ తేవాలా వద్దా అన్నది పెద్దలు చెప్పాలి. చూసేవాళ్ల సంఖ్య కోసం దేవర పాటను అంగట్లో పెట్టకూడదు.

నాలుగోది తయారీ. ఫోను నుంచి యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది చందాదారులు ఉండాలి, మొదటిసారి అనుమతికి ఒక రోజు పట్టవచ్చు. కాబట్టి ముందు రోజుల్లోనే చిన్న పాటలు పెట్టి జనాన్ని చేర్చుకోవాలి. తేదీ చాటాలి. సిగ్నల్ ఎక్కడ నిలకడగా ఉందో చూసుకోవాలి. లైవ్ అయ్యాక ఆ వీడియోను ఫోనులోనూ, బడి కంప్యూటర్‌లోనూ దాచాలి. ఛానల్ పోయినా పాట ఉండాలి.

ఐదోది లెక్క. వచ్చిన డబ్బులో పాడినవాళ్ల వాటా ముందే అందరి ఎదుట చెప్పుకోవాలి. సోదెమ్మ చేటలో గింజలు సోదెమ్మవే అయినట్టు, ఇక్కడా అంతే.

ఒకప్పుడు మనవాళ్లు ఊరు దాటితే పోలీసు పుస్తకంలో పేరు రాసుకునేవాళ్లు. ఈనాడు మన పాట ఊరు దాటుతోంది. ఈసారి పేరు మనమే రాసుకుందాం. ఈ పుస్తకం చదివిన ప్రతి ఉపాధ్యాయుడూ తన బడి పిల్లలను ఈ సెలవుల్లో ఒక అవ్వ దగ్గరికో ఒక తాత దగ్గరికో పంపాలి. పిల్లలు ముందు పేరు అడగాలి, తర్వాత పాట అడగాలి, ఆ తర్వాతే ఫోను తీయాలి.