లినక్స్‌లో యు.ఎస్.బి. డ్రైవరు మార్పుల సమీక్ష

లినక్స్ కెర్నెల్‌లోని యు.ఎస్.బి. డ్రైవరుకు ఎవరైనా మార్పును ప్రతిపాదించినప్పుడు, దానిని చేర్చుకొనే ముందు ఇతర ప్రోగ్రామర్లు చదివి తప్పొప్పులను తేల్చే ప్రక్రియే డ్రైవరు మార్పుల సమీక్ష. కంప్యూటరుకు తగిలించిన పరికరాన్ని నడిపించే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. లినక్స్‌లో చాలా యు.ఎస్.బి. డ్రైవర్లు కెర్నెల్‌లో భాగంగా పనిచేస్తాయి కనుక, వాటిలోని ఒక్క దోషం మొత్తం కంప్యూటరును స్తంభింపజేయగలదు.

ప్రతిపాదన

తీసివేసిన, చేర్చిన పంక్తులను చూపే మార్పు ప్రతిని ప్యాచ్ అంటారు. ఒక ప్యాచ్ ఒకే పని చేయాలి. మార్పు ఎందుకు అవసరమో అందులో వివరించాలి. ఆ కోడును సమర్పించే హక్కు తనకు ఉందని ధ్రువీకరిస్తూ రచయిత తన పేరుతో ఒక పంక్తిని జతచేయాలి. ఈ పద్ధతి 2004లో మొదలైంది.

పరిశీలించే అంశాలు

పరికరం కెర్నెల్ అదుపులో ఉండదు. అది చెప్పేది నిజమని నమ్మరాదన్నది ఈ సమీక్షకు మూలసూత్రం.

* తొలగింపు: వినియోగదారుడు పరికరాన్ని ఏ క్షణంలోనైనా ఊడదీయవచ్చు. అప్పటికి పూర్తికాని పనులను ఆపిన తరువాతే వాటి మెమరీని విడుదల చేయాలి.
* పొడవు: పరికరం తెలిపిన పొడవును సరిచూడకుండా వాడితే, కేటాయించిన మెమరీ హద్దు దాటే ప్రమాదం ఉంది. దురుద్దేశంతో తయారైన పరికరం ఈ లోపాన్నే వాడుకొంటుంది.
* అసంపూర్ణ సమాచారం: పరికరం అడిగినదానికంటే తక్కువ బైట్లు పంపవచ్చు. దీనిని దోషంగా పరిగణించే కొత్త ఫంక్షన్లు 2020లో విడుదలైన 5.10 వెర్షన్‌లో చేరాయి.
* మెమరీ: ఇంటరప్టును నిర్వహిస్తున్న కోడు నిద్రావస్థకు పోరాదు. అందువలన అక్కడ వేచి ఉండే రకపు మెమరీ కేటాయింపు నిషిద్ధం.
* పాత పరికరాలు: ప్రమాణాలను సరిగా పాటించని పరికరాలు ఎన్నో వాడుకలో ఉన్నాయి. నిన్నటివరకు పనిచేసిన పరికరం కొత్త మార్పు వలన ఆగిపోరాదు.

ఆమోదం

సమీక్షకుల సూచనల మేరకు రచయిత ప్యాచ్‌ను సవరించి మరల పంపుతాడు. యు.ఎస్.బి. విభాగాన్ని చాలాకాలంగా గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ నిర్వహిస్తున్నారు. ఆయన స్వీకరించిన మార్పులు లినస్ టోర్వాల్డ్స్‌కు చేరతాయి. కొత్త మార్పులను సుమారు రెండు వారాలపాటు చేర్చుకొని, ఆపై కొన్ని వారాలు పరీక్షా వెర్షన్లు వెలువరిస్తారు.

పరిమితులు

సంబంధిత పరికరం సమీక్షకుని వద్ద ఉండకపోవచ్చు. అప్పుడు రచయిత చేసిన పరీక్షల పైనే ఆధారపడవలసి వస్తుంది. చదివినంత మాత్రాన అన్ని దోషాలూ బయటపడవు. గూగుల్ రూపొందించిన సిజ్‌కాలర్ అనే ఉపకరణం కల్పిత పరికరాల ద్వారా అస్తవ్యస్త సమాచారాన్ని పంపి, సమీక్షను దాటి వచ్చిన యు.ఎస్.బి. దోషాలను అనేకం వెలికితీసింది.

ఇవి కూడా చూడండి

* లినక్స్
* ఆపరేటింగ్ సిస్టమ్
* యు.ఎస్.బి.