అయిదు అంగుళాల గోడ

దోనెకి వెనకా ముందూ తేడా పెద్దగా ఉండదు. రెండు కొసలూ సూదిగానే ఉంటాయి, తెడ్డు ఎటు వేస్తే అటే ముందు. మన తీరంలో పడవ ముందు భాగాన్ని అణియం అనీ, వెనక భాగాన్ని అమరం అనీ అంటారు. ఆ అమరాన్ని అడ్డంగా మూసే నిలువు పలకే ట్రాన్సమ్. పెద్ద ఓడలకి అది ఎప్పట్నుంచో ఉంది. చిన్న పడవలకి మాత్రం దాని ఎత్తు లెక్కలోకొచ్చింది మోటారు తగిలించడం మొదలయ్యాకే.

డెట్రాయిట్‌లో కామెరాన్ వాటర్‌మన్ ముందే అమ్మకం మొదలుపెట్టినా, ఔట్‌బోర్డ్ మోటారుని జనంలోకి తెచ్చింది మిల్వాకీలో ఉండే నార్వేజియన్ వలసదారు ఓలె ఎవిన్‌రూడ్. 1909లో ఆయన అమ్మిన మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్‌ది, బరువు దాదాపు 28 కిలోలు. ఎండలో సరస్సు దాటించి ప్రియురాలికి ఐస్‌క్రీమ్ తెచ్చేలోగా అది కరిగిపోయిందనీ, ఆ ఉక్రోషంలోంచే మోటారు పుట్టిందనీ ఒక కథ చెబుతారు. కథ సంగతెలా ఉన్నా, ఆ యంత్రాన్ని వెనక పలకకి బిగించి, దాని ప్రొపెల్లర్ పడవ అడుగు కిందికి వచ్చేలా చూసుకోవాలి. అంటే షాఫ్టు పొడవూ, గోడ ఎత్తూ జోడీ కుదరాలి. అలా స్థిరపడ్డ కొలతలు రెండు: పొట్టి షాఫ్టుకి 15 అంగుళాలు, పొడుగు షాఫ్టుకి 20.

అల్యూమినియం ఈ కథలోకి యుద్ధం దారిన వచ్చింది. 1944లో గ్రమ్మన్ విమాన కంపెనీ ఉపాధ్యక్షుడు విలియం హాఫ్‌మన్ అడిరాండాక్ కొండల్లో బరువైన కనూ మోసి మోసి విసిగిపోయాడు. యుద్ధవిమానాల రేకుతోనే దాన్ని ఎందుకు చెయ్యకూడదనుకున్నాడు. యుద్ధం ముగిసేసరికి కంపెనీ కనూలు చేస్తోంది. 1948లో మినెసోటాలోని న్యూయార్క్ మిల్స్‌లో హోవర్డ్ లండ్ పడవలు మొదలుపెట్టాడు. పన్నెండు, పద్నాలుగు అడుగుల రేకు పడవలు సరస్సుల నిండా తేలాయి. వీటిలో చాలావాటికి పక్కగోడలు ఎత్తుగానే ఉంటాయి, వెనక పలక మాత్రం మధ్యలో కిందికి కోసి ఉంటుంది. పొట్టి షాఫ్టు మోటారు కోసం గోడనే తగ్గించారన్నమాట.

చిక్కంతా అక్కడే ఉంది. మోటారు, పెట్రోలు ట్యాంకు, నడిపే మనిషి, ముగ్గురి బరువూ అమరం మీదే. వేగంగా పోతూ పోతూ ఒక్కసారి థ్రాటిల్ వదిలేస్తే, మన పడవ లేపిన అలే వెనకనుంచి వచ్చి ఆ కోతలోంచి లోపలికి దూకుతుంది.

రేకు కుళ్ళదు, మోటార్లు పోతాయి. ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది, ఆ కాలపు పడవలు ఇంకా నీళ్ళమీదున్నాయి. పెద్ద మోటార్లలో పొట్టి షాఫ్టు అరుదైపోయింది. పొడుగు షాఫ్టుని పొట్టి గోడకి తగిలిస్తే ప్రొపెల్లర్ మరీ లోతుకి పోయి నీటిని ఈడుస్తుంది. అందుకే పాత పడవలున్నవాళ్ళు గోడ లేపుతారు.

లేపడంలో రెండు రకాలున్నాయి. బ్రాకెట్ పెట్టి మోటారుని మాత్రమే ఎత్తితే షాఫ్టు కొలత కుదురుతుంది, నీళ్ళకి తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. ఆ కోతని అల్యూమినియం ప్లేటుతో పూడ్చి, లోపల మెరైన్ ప్లైవుడ్ వేసి, కిందిదాకా దన్ను ఇస్తే అప్పుడది గోడ. ఎత్తు పెరిగేకొద్దీ మోటారు తోపుడు కూడా పొడవైన గునపంలా పలకని మెలిపెడుతుంది, అందుకే ఆ దన్ను. రాగి మందు పట్టించిన కలప వాడితే తడిలో అది అల్యూమినియాన్ని తినేస్తుంది.

మినెసోటాలో మా మిత్రుడి పడవకి ఈ పని చేస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. బోల్టులు బిగించడం అయ్యాక ఆయన అడిగాడు: "అన్నా, ఇప్పుడు ఇరవై అయింది కదా, స్టీరింగ్ కూడా పెట్టించి పెద్ద మోటారు వేసేద్దామా?"

ఆ ప్రశ్న గాల్లోంచి ఊడిపడింది కాదు. 1971 నాటి ఫెడరల్ బోట్ సేఫ్టీ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో ఒక లెక్కుంది. పడవ పొడవుని ట్రాన్సమ్ వెడల్పుతో గుణించాలి. పద్నాలుగు అడుగుల్ని నాలుగున్నరతో గుణిస్తే 63. స్టీరింగ్ చక్రం ఉండి, ట్రాన్సమ్ కనీసం 20 అంగుళాలుంటే 36 హార్స్‌పవర్ దాకా వస్తుంది. ఈ రెండిట్లో ఏది లేకపోయినా, అడుగు చదునుగా లేని పడవకి పాతిక చిల్లరే. ఆ అయిదు అంగుళాల మీద అంత తేడా!

"పిల్లల్ని ఎక్కిస్తావు కదా దీన్లో? ప్లేటు మీద ఎంతుందో అంతే పెట్టు" అన్నాను. పడవకి కొట్టిన ఆ సామర్థ్యపు ప్లేటు మీది అంకె, తయారీదారు తాను కట్టిన పడవకి చెప్పిన మాట. రివెట్లు, పక్కటెముకలు, అడుగు రేకు ఆనాటివే. మనం లేపింది గోడ ఒక్కటే. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాత ఇరవై హార్స్‌పవర్‌కే పొడుగు షాఫ్టుది వెతకడం మొదలుపెట్టాడు.

మోటారు కోసం తగ్గించిన గోడని డెబ్భై ఏళ్ళ తర్వాత మళ్ళీ మోటారు కోసమే లేపుతున్నాం. నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఒకటే చూస్తాయి, అన్నిటికన్నా తక్కువ ఎత్తు ఎక్కడుందా అని.