అమెరికా ప్రభుత్వ భూములలో లోహశోధన చట్టాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మెటల్ డిటెక్టరు చేతబట్టి నేలలో దాగిన నాణేలు, తూటాలు, బొత్తాలు, ఉంగరాలు వంటివాటిని వెదకడం చాలామందికి తీరికవేళల అభిరుచి. సొంత స్థలంలో గాని, యజమాని అనుమతితో ఇతరుల స్థలంలో గాని ఇలా వెదకడం సాధారణంగా నేరం కాదు. ప్రభుత్వ భూముల సంగతి వేరు. అక్కడ ఈ వేటను పరిమితం చేసే చట్టాలు, నిబంధనలు పలు ఉన్నాయి. వీటిలో ముఖ్యమైనవి 1906 నాటి పురాతన వస్తువుల చట్టం, 1979 నాటి పురావస్తు వనరుల పరిరక్షణ చట్టం, ఆయా భూములను నిర్వహించే శాఖలు చేసుకున్న నిబంధనలు. జాతీయ పార్కులలో డిటెక్టరును వాడడమే కాదు, వాడడానికి వీలుగా దగ్గర ఉంచుకొనడం కూడా నేరమే. జాతీయ అడవులలో అలా కాదు. అక్కడ యంత్రం తప్పు కాదు, దానితో తవ్వి తీసిన వస్తువు ఏమిటన్నదే ప్రశ్న.

నేపథ్యం

1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగినప్పుడు ఆయన శరీరంలో చిక్కుకున్న తూటాను కనుగొనడానికి, టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక విద్యుత్ పరికరాన్ని తయారు చేశాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. మంచంలోని లోహపు స్ప్రింగులు కూడా అందుకు ఒక కారణమని చెబుతారు. గార్‌ఫీల్డ్ అదే ఏడాది సెప్టెంబరు 19న మరణించాడు. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన గెర్‌హార్డ్ ఫిషర్ 1937లో చేతితో మోసుకుపోగల లోహశోధక యంత్రానికి పేటెంటు పొందాడు.

రెండవ ప్రపంచ యుద్ధంలో మందుపాతరలను కనిపెట్టడానికి ఇటువంటి యంత్రాలు పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. యుద్ధం ముగిశాక సైన్యం వద్ద మిగిలిపోయినవి చవకగా అమ్మకానికి వచ్చాయి. వాటిని కొన్నవారిలో కొందరు 1861-1865 నాటి అంతర్యుద్ధ రణభూముల వైపు నడిచారు. అక్కడి మట్టిలో సీసపు తూటాలు, సైనికుల బెల్టు బిళ్లలు, దుస్తుల బొత్తాలు కోకొల్లలు. 1960లు, 1970లలో తేలికైన, చవకైన యంత్రాలు రావడంతో ఈ అభిరుచి సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. దానితో పాటే పురావస్తు శాస్త్రజ్ఞుల ఆందోళన కూడా పెరిగింది.

పరిమితులకు కారణం

పురావస్తు శాస్త్రంలో ఒక వస్తువుకు ఎంత విలువ ఉన్నదో, అది దొరికిన చోటుకు అంతకు మించిన విలువ ఉన్నది. ఏ లోతులో, ఏ మట్టిపొరలో, ఏ ఇతర వస్తువుల సరసన అది పడి ఉన్నదన్న వివరమే దాని కాలాన్ని, దానిని వాడిన మనుషుల కథను చెబుతుంది. ఉదాహరణకు ఒక సీసపు తూటాను సంచిలో వేసుకొని ఇంటికి తీసుకుపోతే అది ఒక సీసపు ముద్ద మాత్రమే. అదే తూటా ఒక కంచె వెంబడి వరుసగా దొరికిన నలభై తూటాలలో ఒకటి అయితే, సైనికులు ఆ కంచె చాటున నిలబడి పోరాడారనడానికి అది సాక్ష్యం. ఒకసారి తవ్వి తీసిన తరువాత ఆ సాక్ష్యాన్ని తిరిగి యథాస్థానంలో పెట్టడం సాధ్యం కాదు.

రెండవ కారణం యాజమాన్యం. ప్రభుత్వ భూమిలోని పురావస్తువులు ప్రజలందరి ఉమ్మడి ఆస్తి అని ఫెడరల్ చట్టం భావిస్తుంది. కనుక వాటిని కనుగొన్నవారికి అందులో వాటా ఉండదు.

1906 నాటి చట్టం

నైరుతి అమెరికాలోని ప్యూబ్లో జాతుల ప్రాచీన గృహాలను, సమాధులను కొల్లగొట్టడం పందొమ్మిదవ శతాబ్దం చివర విపరీతమైంది. దానిని అరికట్టడానికి చేసిన పురాతన వస్తువుల చట్టంపై అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1906 జూన్ 8న సంతకం చేశాడు. అనుమతి లేకుండా ఫెడరల్ భూములలోని శిథిలాలను, పురాతన వస్తువులను తవ్వినా, పాడుచేసినా 500 డాలర్ల వరకు జరిమానా, 90 రోజుల వరకు జైలుశిక్ష లేదా రెండూ విధించవచ్చని ఈ చట్టం మొదట నిర్దేశించింది.

"పురాతన వస్తువు" అంటే ఏమిటో ఈ చట్టం నిర్వచించలేదు. ఆ లోపం 1974లో బయటపడింది. అరిజోనాలోని శాన్ కార్లోస్ అపాచీ రిజర్వేషనులో ఒక గుహ నుండి తీసిన పూజా సంబంధమైన ముసుగుల విషయంలో "యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ డియాజ్" అనే కేసు నడిచింది. ఆ ముసుగులు తయారై నాలుగైదేళ్లు మాత్రమే అయింది. ప్రాచీన సంప్రదాయానికి చెందినవి గనుక అవి కూడా పురాతన వస్తువులేనని ప్రభుత్వం వాదించింది. ఏది నేరమో సామాన్యుడికి ముందుగా తెలిసేలా చట్టం ఉండాలని, ఈ చట్టం అలా లేదని తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం తీర్పు చెప్పి శిక్షను కొట్టివేసింది. 1979లో "యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ స్మయర్" కేసులో పదవ సర్క్యూట్ న్యాయస్థానం ఇదే చట్టాన్ని సమర్థించింది. ఆ కేసులోని వస్తువులు 800 నుండి 900 సంవత్సరాల నాటివి. ఈ విధంగా ఒక ప్రాంతంలో చెల్లే చట్టం మరొక ప్రాంతంలో చెల్లని పరిస్థితి ఏర్పడింది.

1979 నాటి చట్టం

ఈ అయోమయాన్ని తొలగించడానికి పురావస్తు వనరుల పరిరక్షణ చట్టం వచ్చింది. దీనిని క్లుప్తంగా "ఆర్పా" అంటారు. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1979 అక్టోబరు 31న దీనిపై సంతకం చేశాడు. ముఖ్యాంశాలు:

* నిర్వచనం: కనీసం 100 సంవత్సరాల వయసు, పురావస్తు ప్రాధాన్యం గల మానవ జీవన అవశేషమే "పురావస్తు వనరు". ఈ నూరేళ్ల లెక్క ఏటేటా ముందుకు జరుగుతుంది. నిరుడు చట్టం పరిధిలోకి రాని వస్తువు ఈ ఏడు రావచ్చు.
* నేరం: అనుమతిపత్రం లేకుండా ఫెడరల్ భూములలో గాని, అమెరికా ఆదివాసుల భూములలో గాని ఇటువంటి వనరును తవ్వడం, తొలగించడం, పాడుచేయడం, అమ్మడం, కొనడం. 1988 సవరణతో ఇందుకు ప్రయత్నించడం కూడా నేరమైంది.
* శిక్ష: మొదటి నేరానికి 10,000 డాలర్ల వరకు జరిమానా, ఒక సంవత్సరం వరకు జైలు. నష్టం 500 డాలర్లు దాటితే 20,000 డాలర్లు, రెండు సంవత్సరాలు. మళ్లీ నేరం చేస్తే 100,000 డాలర్లు, ఐదు సంవత్సరాలు. జరిమానాలకు సంబంధించిన సాధారణ ఫెడరల్ చట్టం ప్రకారం ఈ మొత్తాలు ఇంకా పెరగవచ్చు.
* జప్తు: నేరానికి వాడిన డిటెక్టరు, పార, వాహనం వంటివాటిని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు.

మొదట 5,000 డాలర్లుగా ఉన్న నష్టపరిమితిని 1988లో 500కు తగ్గించారు. ఈ నష్టాన్ని లెక్కించే పద్ధతి గమనించదగినది. వస్తువు విలువకు, పాడైన స్థలాన్ని బాగుచేయడానికయ్యే ఖర్చును కూడా కలుపుతారు. కాబట్టి అంగడిలో పది డాలర్లు పలికే బొత్తాం కోసం తవ్విన గొయ్యి కూడా పెద్ద నేరం కింద లెక్కకు రావచ్చు.

చట్టంలో మినహాయింపులు కూడా కలవు. పురావస్తు వనరు కాని రాళ్లు, నాణేలు, తూటాలు, ఖనిజాలను సొంతానికి సేకరించుకోవడానికి ఈ చట్టం అడ్డురాదు. అయితే నాణెం గాని, తూటా గాని ఇతర పురావస్తువులతో నేరుగా కలిసి దొరికితే ఆ మినహాయింపు వర్తించదు. నేలపై కనబడే బాణపు ములుకులను ఏరుకున్నవారికి కూడా ఈ చట్టం కింద శిక్ష లేదు. కార్టర్‌కు స్వయంగా అటువంటి ములుకులు సేకరించే అలవాటు ఉండేది. ఈ మినహాయింపులు ఆర్పాకు మాత్రమే పరిమితం. జాతీయ పార్కులలో ఆ ములుకును తీసినా వేరే నిబంధనల కింద తప్పే.

భూమిని బట్టి నిబంధనలు

అమెరికాలో "ప్రభుత్వ భూమి" అన్నది ఒకే శాఖ చేతిలో లేదు. అడుగు దాటితే నిబంధన మారవచ్చు.

జాతీయ పార్కులు: జాతీయ పార్కుల సేవా సంస్థ 8.5 కోట్ల ఎకరాలకు పైగా భూమిని నిర్వహిస్తున్నది. గెటిస్‌బర్గ్, పీటర్స్‌బర్గ్ వంటి అంతర్యుద్ధ రణభూములు ఇందులోనివే. రాజధాని వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ పచ్చికబయలు కూడా ఈ సంస్థ కిందనే ఉన్నది. ఇక్కడ మెటల్ డిటెక్టరు నిషిద్ధం. విడదీసి, వాడడానికి వీలులేకుండా సర్ది పెట్టిన యంత్రాన్ని వాహనంలో తీసుకొని పోవచ్చు. నిబంధన ఉల్లంఘనకు ఆరు నెలల వరకు జైలుశిక్ష, జరిమానా ఉండవచ్చు. పురావస్తువును తవ్వినట్లయితే ఆర్పా కేసు అదనం.

జాతీయ అడవులు: అటవీ సేవా సంస్థ కింద సుమారు 19.3 కోట్ల ఎకరాలు ఉన్నాయి. పురావస్తువులు లేని చోట్ల ఇటీవలి నాణేలు, పోయిన నగలు వెదకవచ్చు. ఖనిజాన్వేషణకు తెరిచి ఉంచిన ప్రాంతాలలో 1872 నాటి గనుల చట్టానికి లోబడి బంగారు కణికలను కూడా వెదకవచ్చు. చారిత్రక అవశేషం ఎదురైతే తవ్వకం ఆపి అధికారులకు తెలియజేయాలి.

భూ నిర్వహణ సంస్థ భూములు: పశ్చిమ రాష్ట్రాలలో ఎక్కువగా ఉన్న ఈ భూములు దాదాపు 24.5 కోట్ల ఎకరాలు. ఇక్కడి పద్ధతి జాతీయ అడవుల పద్ధతిని పోలి ఉంటుంది.

సైనిక ఇంజనీర్ల జలాశయాలు: నిర్దేశించిన స్నానపు తీరాలలోను, ఇదివరకే తవ్వి చదును చేసిన చోట్లలోను వాడవచ్చు. జిల్లా కమాండరు నిషేధించిన చోట వాడరాదు.

వన్యప్రాణి ఆశ్రయాలు: అనుమతిపత్రం లేకుండా నిధుల కోసం వెదకరాదు.

రాష్ట్రాలు తమ ఉద్యానవనాలకు, నగరాలు తమ పార్కులకు వేరుగా నిబంధనలు చేసుకున్నాయి. టెక్సస్ తన రాష్ట్ర పార్కులలో దీనిని అనుమతించదు. ఫ్లోరిడాలో సముద్రతీర రాష్ట్ర పార్కులలో ఇసుకదిబ్బల అంచుకు, పోటు నీటి గీతకు మధ్యనున్న భాగంలో పార్కు అధికారి అనుమతిస్తే వెదకవచ్చు. రాష్ట్రాల జలాల అడుగున పూడిన పాత ఓడలపై హక్కు 1988లో అమలులోకి వచ్చిన ఫెడరల్ చట్టం ద్వారా ఆయా రాష్ట్రాలకు సంక్రమించింది.

లిటిల్ బిగ్‌హార్న్ సర్వే

ఇదే యంత్రం శాస్త్రానికి ఎంత మేలు చేయగలదో మోంటానా రాష్ట్రంలోని లిటిల్ బిగ్‌హార్న్ రణభూమి చూపించింది. 1876 జూన్ 25న ఇక్కడ లకోటా, ఉత్తర చెయెన్, అరపాహో యోధుల చేతిలో లెఫ్టినెంట్ కర్నల్ జార్జి కస్టర్, అతని వెంట ఉన్న దాదాపు 210 మంది మరణించారు. ఆ దళంలో కథ చెప్పడానికి ఎవరూ మిగలలేదు. యుద్ధంలో పాల్గొన్న ఆదివాసుల సాక్ష్యాలను చాలా కాలం పాటు చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు.

1983 ఆగస్టులో కార్చిచ్చు రేగి ఆ గుట్టల మీది గడ్డి కాలిపోయి నేల బయటపడింది. 1984, 1985 సంవత్సరాలలో పురావస్తు శాస్త్రజ్ఞులు డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అక్కడ అనుమతితో సర్వే జరిపారు. డిటెక్టరు అభిరుచి గలవారు స్వచ్ఛందంగా వచ్చి వరుసలు తీరి నడిచారు. యంత్రం మోగిన ప్రతిచోటా ఒక చిన్న జెండా పాతారు. వెనుక వచ్చినవారు మెల్లగా తవ్వి, వస్తువును కదల్చకుండా దాని స్థానాన్ని కొలిచి నమోదు చేశాకనే పైకి తీశారు.

ప్రతి తుపాకీ తూటా గుల్లపై తనదైన గుర్తును వదులుతుంది. ఆ గుర్తులను నేర పరిశోధన పద్ధతిలో పోల్చి, ఒకే తుపాకీ ఎక్కడెక్కడ పేలినదో పటం మీద గీయగలిగారు. ఆదివాసీ యోధుల చేతిలో వరుసగా కాల్చగల హెన్రీ, వించెస్టర్ తుపాకులు గణనీయంగా ఉన్నాయని తేలింది. ఆదివాసులు చెప్పిన అనేక విషయాలకు నేల సాక్ష్యమిచ్చింది. అంతకు ముందే ఎవరైనా ఆ గుల్లలను సరదాకు ఏరుకొనిపోయి ఉంటే ఈ పటం సాధ్యమయ్యేది కాదు. నేటికీ ఆ స్థలంలో సందర్శకులు డిటెక్టరు వాడడం నిషిద్ధమే.

వాదవివాదాలు

అభిరుచి గలవారి వాదనలు మూడు. దున్నిన నేలలో, ఎరువులు పడిన మట్టిలో లోహం తుప్పుపట్టి నశించిపోతుంది గనుక తీయడమే మేలన్నది మొదటిది. శాస్త్రజ్ఞులు ఎన్నడూ తవ్వని చోట్ల కూడా నిషేధించడం అన్యాయమన్నది రెండవది. తమలో అధికులు చట్టాన్ని పాటించేవారేనని, కొద్దిమంది దొంగల వల్ల అందరికీ చెడ్డపేరు వస్తున్నదన్నది మూడవది. తమ హక్కుల కోసం 1984లో వీరి క్లబ్బులు ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి.

ప్రభుత్వ భూములలో నేల ఎక్కువగా దున్నబడనిదని, భవిష్యత్తులో మెరుగైన పద్ధతులు వచ్చేదాకా దానిని కదల్చకుండా ఉంచడమే క్షేమమని శాస్త్రజ్ఞుల సమాధానం. 2012లో రెండు టెలివిజను ఛానళ్లు ఇటువంటి వేటపై ధారావాహికలు ప్రసారం చేసినప్పుడు, వస్తువుల అమ్మకపు ధరను గొప్పగా చూపడంపై అమెరికా పురావస్తు సంఘం నిరసన తెలిపింది. మరోవైపు వర్జీనియాలో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ నివాసమైన మాంట్‌పెలియర్‌లో శాస్త్రజ్ఞులు, అభిరుచి గలవారు కలిసి పనిచేసే కార్యక్రమాలు నడిచాయి.

భారతదేశంతో పోలిక

భారతదేశంలో 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగిన పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేని పక్షంలో కనుగొన్నవారికి నాలుగింట మూడు వంతులు, స్థల యజమానికి ఒక వంతు చెందుతాయి. విలువకు అయిదవ వంతు అదనంగా చెల్లించి ప్రభుత్వం దానిని తీసుకోవచ్చు. తెలియజేయకుండా దాచినవారు శిక్షార్హులు. అమెరికా ఫెడరల్ చట్టంలో ఇటువంటి వాటా లేకపోవడం ప్రధానమైన తేడా.

అయితే ఈ వాటా తవ్వకానికి అనుమతి కాదు. రక్షిత కట్టడాలలో, పురావస్తు స్థలాలలో తవ్వకాలను 1958 నాటి కేంద్ర చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి రాష్ట్ర చట్టం నియంత్రిస్తాయి. గుప్తనిధుల ఆశతో పాత గుళ్లలో, కోటలలో తవ్వి పట్టుబడినవారి వార్తలు తెలుగు పత్రికలలో తరచు కనబడుతూనే ఉంటాయి. అక్కడా ఇక్కడా తవ్వినవారికి దొరికేది చాలాసార్లు స్వల్పమే. చెదిరిపోయిన నేల మాత్రం మళ్లీ పూర్వస్థితికి రాదు.

ఇవి కూడా చూడండి

* పురావస్తు శాస్త్రం
* మెటల్ డిటెక్టరు
* అమెరికా అంతర్యుద్ధం
* లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం
* భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ