గోదావరి డెల్టా బియ్యం మిల్లుల నిర్వహణ మూలధనం: రైతు నిరీక్షణ విలువ

ఉపోద్ఘాతం

ముడిసరుకు, కూలి, నిల్వలు, అరువు అమ్మకాల నిమిత్తం సంస్థకు నిత్యం కావలసిన ధనమే నిర్వహణ మూలధనం. గోదావరి డెల్టాలోని బియ్యం మిల్లులకు ఈ ధనం ఏ మార్గాల్లో సమకూరింది, దాని భారాన్ని ఎవరు మోశారు అన్న అంశాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పంట కాలం – బ్యాంకు పరపతి

ఆర్థర్ కాటన్ రూపకల్పనలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను వరి మాగాణిగా మార్చింది. సార్వా, దాళ్వా కోతల్లో ధాన్యం కొద్ది వారాల్లోనే కళ్లాలకు చేరుతుంది. బియ్యం అమ్మకం ఏడాది పొడవునా సాగుతుంది. కనుక యంత్రాలపై ఒకసారి పెట్టిన సొమ్ముతో మిల్లు నడవదు; ప్రతి కోతకూ పెద్ద మొత్తం మళ్లీ కావాలి.

కాకినాడలో మద్రాసు బ్యాంకు శాఖ ఉండేది. 1921లో ఆ బ్యాంకు ఇంపీరియల్ బ్యాంకులో విలీనమైంది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. గిడ్డంగిలోని సరుకును హామీగా తీసుకొని, దాని విలువలో కొంత మార్జినుగా మినహాయించి అప్పివ్వడం బ్యాంకుల పద్ధతి. 1929 తరువాతి ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధరలు దాదాపు సగానికి పడిపోయినప్పుడు ఈ హామీలోని బలహీనత బయటపడింది: బస్తాలు తగ్గకపోయినా వాటి విలువ అప్పుకు చాలదు.

సూత్రంలో కనిపించని రుణదాత

రిజర్వు బ్యాంకు 1974లో నియమించిన టాండన్ కమిటీ 1975లో రుణ పరిమితికి సూత్రాలు సూచించింది. ప్రస్తుత ఆస్తుల నుంచి, బ్యాంకు అప్పు మినహా ఇతర ప్రస్తుత బాధ్యతలను తీసివేయగా మిగిలేది నిర్వహణ మూలధన లోటు. మొదటి పద్ధతి ప్రకారం అందులో 25 శాతం సంస్థ దీర్ఘకాలిక నిధుల నుంచి భరించాలి. మిగిలినది బ్యాంకు ఇవ్వవచ్చు. సరఫరాదారుకు చెల్లించవలసిన బాకీ ఈ లెక్కలో ముందే తీసివేతకు వస్తుంది. మిల్లుకు సరఫరాదారు రైతే.

కోతల హెచ్చుతగ్గులను పక్కనపెట్టి, రోజుకు లక్ష రూపాయల ధాన్యం ఆడించే ఒక మిల్లును ఊహిద్దాం. ధాన్యం బియ్యమై అమ్ముడుపోవడానికి 75 రోజులు, సొమ్ము చేతికందడానికి మరో 30 రోజులు పడితే 1.05 కోట్ల రూపాయలు కావాలి. రైతుకు 45 రోజులు ఆగి చెల్లిస్తే 60 లక్షలు చాలు. ఆదా అయిన 45 లక్షలపై 12 శాతం చొప్పున ఏడాదికి 5.40 లక్షల బ్యాంకు వడ్డీ మిగులుతుంది. అదే రైతులు షావుకార్ల వద్ద నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి పెట్టుబడి తెచ్చి ఉంటే, అదే మొత్తంపై వారు ఏడాదికి 10.80 లక్షలు చెల్లిస్తారు.

ముగింపు

మిల్లుకు అన్నిటికన్నా చౌక అయిన నిధి డెల్టాకు అన్నిటికన్నా ఖరీదైనది కావచ్చు. బ్యాంకు పద్దుల్లో కనిపించేది మిల్లు తీసుకున్న అప్పు మాత్రమే. రైతు ఇచ్చిన అప్పు ధాన్యం తూచిన తేదీకీ, సొమ్ము ముట్టిన తేదీకీ నడుమ ఉంటుంది. ఈ ప్రాంత పరిశ్రమల చరిత్రను రాసే పరిశోధకులు ఆ రెండు తేదీలను కూడా ఆధారాలుగా స్వీకరించాలి.