వజ్రజాతి కార్బన్ రూపాంతరాలు

వజ్రంలో ప్రతి కార్బన్ పరమాణువూ చుట్టూ ఉన్న నాలుగింటితో బంధం కలుపుకుంటుంది. ఆ నాలుగు బంధాలూ అలాగే ఉండి, పరమాణువుల అమరిక మాత్రం మారితే వచ్చేవే వజ్రజాతి రూపాంతరాలు. వీటిలో ఎక్కువ భాగం ఇప్పటికీ కంప్యూటర్ లెక్కల్లోనే ఉన్నాయి.

అన్నిటికంటే పాతది లాన్స్‌డేలైట్. 1967లో అమెరికాలోని కాన్యన్ డయాబ్లో ఉల్కలో దీన్ని గుర్తించారు. వజ్రంలో పొరలు మూడు స్థానాలు మారాక మళ్లీ మొదటికి వస్తాయి, దీనిలో రెండుకే వస్తాయి. పేరు కేథలీన్ లాన్స్‌డేల్‌ది. వజ్రం ఎక్స్‌రే చిత్రాల్లోని మసక మచ్చల అర్థంపై 1940లలో సి.వి. రామన్‌తో వాదానికి దిగిన శాస్త్రవేత్త ఈమే.

కొత్త రూపాన్ని గుర్తుపట్టడానికి వాడే లెక్కలో వాల్తేరు పాత్ర పెద్దది. ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం 1930 నాటికే వజ్రం రామన్ వర్ణపటం (చెదిరిన కాంతిలో పరమాణువుల కదలికలను చూపే రేఖలు) మీద పరిశోధన పత్రం ప్రచురించారు. తర్వాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితవేత్త టి. వెంకటరాయుడుతో కలిసి, స్ఫటిక సౌష్ఠవాన్ని బట్టి ఎన్ని రామన్ రేఖలు రావాలో ముందే చెప్పే పద్ధతిని 1939లో ప్రకటించారు. ఈ పద్ధతికి ఆధారమైన సమూహ సిద్ధాంతంపై వీరి పుస్తకం 1948లో వెలువడింది.

ఆ లెక్క ఇలా సాగుతుంది. వజ్రం కనిష్ఠ కణంలో, అంటే స్ఫటికంలో పదేపదే వచ్చే అతి చిన్న భాగంలో, పరమాణువులు రెండు, కదలికలు ఆరు. మూడు స్ఫటికమంతా ఒక్కటిగా జరిగేవి కనుక వాటిని వదిలేయాలి. మిగిలిన మూడింటికీ పౌనఃపున్యం ఒకటే. అందుకే సెంటీమీటరుకు 1332 దగ్గర ఒకే రేఖ. లాన్స్‌డేలైట్ కణంలో పరమాణువులు నాలుగు, కదలికలు పన్నెండు. మూడు తీసేస్తే తొమ్మిది కదలికలు మిగులుతాయి, రామన్‌లో కనిపించే రేఖలు మూడు. చిక్కేమిటంటే, ఆ రేఖలు వజ్రం రేఖకు దగ్గర్లోనే పడతాయి. ఉల్కల్లో దొరికింది పొరలు తప్పిన వజ్రమే తప్ప వేరే రూపం కాదని 2014లో కొందరు వాదించడానికి ఇలాంటి అస్పష్టతే చోటిచ్చింది.

వజ్రంలోని ప్రతి పరమాణువు స్థానంలో నాలుగు పరమాణువుల చతుర్ముఖిని పెడితే టీ-కార్బన్. 2011లో ఊహించిన ఈ రూపం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.5 గ్రాములే, వజ్రానిది 3.5. కార్బన్ నానోగొట్టాలపై లేజర్ ప్రయోగించి దీన్ని తయారుచేసినట్టు 2017లో ప్రకటించారు. మరోవైపు, వజ్రం కంటే 1 నుంచి 3 శాతం సాంద్రమైన మూడు రూపాలను కూడా 2011లోనే లెక్కగట్టారు.

ఒత్తిడి కింద లాన్స్‌డేలైట్ వజ్రం కంటే 58 శాతం ఎక్కువ తట్టుకుంటుందని 2009 నాటి లెక్క. అది లోపమే లేని ఆదర్శ స్ఫటికానికి వేసినది. పత్రికల్లో 'వజ్రాన్ని మించిన గట్టితనం' అని కనిపిస్తే, ఆ అంకె కొలిచిందా, లెక్కగట్టిందా అని పాఠకులు ముందు చూసుకోవాలి.