చుక్కల నుంచి గీతల దాకా

ఇంజెక్షన్ చరిత్ర అనగానే అందరూ సూది గురించే చెబుతారు. వైద్యులను ఎక్కువ కాలం వేధించింది మాత్రం కొలత.

ఐరోపాలో చాలాకాలం ద్రవ మందులను చుక్కల్లో లెక్కపెట్టి ఇచ్చేవారు. చుక్కలన్నీ ఒకేలా ఉండవు. సీసా మూతిని బట్టి మారతాయి, మందును బట్టి మారతాయి. నీటి చుక్క కంటే సారా చుక్క బాగా చిన్నది. నల్లమందు టింక్చరు విషయంలో ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చేది. అందుకే 1809లో లండన్ వైద్యులు తమ ఔషధ గ్రంథంలో చుక్కకు బదులు ‘మినిమ్’ అనే కొలత పెట్టారు. ఇప్పటి లెక్కలో అది దాదాపు 0.06 మి.లీ.

1844లో డబ్లిన్ వైద్యుడు ఫ్రాన్సిస్ రిండ్ బోలు సూదితో చర్మం కిందికి మందు పంపాడు. పిస్టన్ లేదు, మందు తన బరువుకు తానే దిగేది. 1853లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో షార్ల్ ప్రవాజ్ చిన్న వెండి సిరంజి చేయించాడు. ఉబ్బిన ధమనిలోకి ఇనుప లవణం ఎక్కించి రక్తం గడ్డకట్టించాలన్నది ఆయన ఉద్దేశం. కాస్త ఎక్కువైనా ముప్పే. వెండి గొట్టంలో మందు ఎంతుందో పైకి కనపడదు. అందుకని పిస్టన్‌కు మర పెట్టాడు: పిడిని ఎన్ని చుట్లు తిప్పితే అంత మందు. చూడకుండానే కొలిచే ఈ ఉపాయం ఎంతైనా మెచ్చుకోదగ్గది.

అదే ఏడాది ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ వుడ్ గాజు సిరంజితో నరాల నొప్పికి మార్ఫిన్ ఇచ్చాడు. తర్వాత గాజు మీద గీతలు వచ్చాయి, మర కనుమరుగైంది. కానీ తోలు పిస్టన్ ఎండిపోతే మందు వెనక్కి కారేది. గీత సరిగ్గానే ఉన్నా మోతాదు తగ్గేది. 1890లలో పారిస్‌కు చెందిన లూయర్ సంస్థ పిస్టన్‌తో సహా అంతా గాజుతోనే చేసి ఆ బాధ తీర్చింది. ఒకప్పుడు మన డాక్టర్లు స్టీలు డబ్బాలో మరగబెట్టిన గాజు సిరంజిలు ఆ కోవలోవే.

1922లో ఇన్సులిన్ వాడకంలోకి వచ్చాక మిల్లీలీటరులో పదో వంతు కూడా పెద్ద లెక్కే అయింది. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులినూ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూతది. 40 రకం మందును నారింజ మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 4 యూనిట్లే. అటుదిటైతే 25 యూనిట్లు వెళ్లి, చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవారు ఎవరున్నా, సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనని చూసుకున్నాకే మందు లాగమని చెప్పండి.